టచ్ రగ్బీ క్లబ్‌లో తొలి ఆటలు: దిగే ముందు తెలుసుకోవాల్సినవి

టచ్ రగ్బీలో ట్యాకిల్ (ఎదుటివాళ్లను పట్టి పడేయడం) ఉండదు, స్క్రమ్ (రెండు జట్లూ గుంపుగా తోసుకోవడం) ఉండదు, బంతిని దూరంగా తన్నడమూ ఉండదు. బంతి పట్టుకుని వస్తున్నవాళ్లను చేత్తో తాకితే చాలు, ఆ పరుగు అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఆడా మగా కలిసి, ఇరవై ఏళ్లవాళ్లూ యాభై ఏళ్లవాళ్లూ ఒకే జట్టులో ఆడగలుగుతున్నారు. 1968లో సిడ్నీలో సౌత్ సిడ్నీ వాళ్లు దీనికి ఒక క్లబ్ పెట్టి, రగ్బీ లీగ్ (రగ్బీలో ఒక రకం) ఆటగాళ్ల సరదా సాధనను విడి ఆటగా నిలబెట్టారు. 1985లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది, 1988లో మొదటి ప్రపంచ కప్ జరిగింది. ఇప్పుడు చాలా క్లబ్బులు ఆ సమాఖ్య నియమాలనే కాస్త సడలించి వాడుకుంటాయి.

కొత్తగా వచ్చేవాళ్ల ధ్యాసంతా పాసింగ్ మీదా, వేగం మీదా ఉంటుంది. నిజానికి సోషల్ (సరదా) ఆటలో జట్లు ఓడిపోయేది బంతి తమ దగ్గర లేనప్పుడే. టచ్ చేశాక వెనక్కి పరిగెత్తకపోవడం, అలసిపోయినా మైదానం వదలకపోవడం, టచ్ పడిన చోటు (మార్క్) దాటి రోల్‌బాల్ (బంతిని నేల మీద పెట్టి ఆట తిరిగి మొదలుపెట్టడం) చేసి బంతి పోగొట్టుకోవడం, ఈ మూడింటికే సగం పాయింట్లు పోతాయి. పాస్ సరిగ్గా రాని మనిషిని జట్టు భరిస్తుంది గానీ వెనక్కి రాని మనిషిని భరించడం కష్టం.

ఆట లెక్కలు

ఒక్కో జట్టు నుంచి మైదానంలో ఆరుగురు ఉంటారు, మిగతావాళ్లు (సబ్స్) పక్కన తమ వంతు కోసం ఆగే సబ్ బాక్స్‌లో. టోర్నీల్లో జట్టుకు 14 మంది దాకా రాసుకోవచ్చు, సోషల్ ఆటకు 9 లేదా 10 మంది ఉంటే హాయిగా సరిపోతుంది. నలుగురికంటే తగ్గితే ఆట నడపరు. మైదానం ఒక స్కోర్‌లైన్ నుంచి మరో స్కోర్‌లైన్ దాకా 70 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు. ఆ రెండు గీతల వెనక టచ్‌డౌన్ జోన్లు, అంటే బంతి ఆనించి పాయింటు తెచ్చుకునే చోట్లు. సగానికి 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. ఆ రోజు ఎనిమిది మందే వస్తే నలుగురు నలుగురుగా ఆడుకోవచ్చు, కాకపోతే మైదానాన్ని సుమారు 40 మీటర్లకు 30 మీటర్లుగా కుదించండి. పూర్తి వెడల్పులో నలుగురు డిఫెన్స్ చేయడమంటే ప్రతి రెండో పరుగుకూ టచ్‌డౌనే, పది నిమిషాల్లో ఎవరికీ ఉత్సాహం మిగలదు.

బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, 36 సెంటీమీటర్ల పొడవు, నడుము చుట్టుకొలత 55 సెంటీమీటర్లు. మామూలు రగ్బీ బంతికంటే కొంచెం చిన్నది. దాన్ని రాయిలా గాలి నింపకండి, తడి చేతుల్లో నిలవదు.

ఆట మధ్య గీత దగ్గర ట్యాప్‌తో మొదలవుతుంది. బంతిని నేల మీద పెట్టి, రెండు చేతులూ వదిలేసి, పాదంతో మీటరు మించకుండా కదిపి, చేత్తో తీసుకోవాలి. అప్పటికి ఎదుటి జట్టు 10 మీటర్ల దూరంలో ఉండాలి. అక్కడినుంచి దాడి చేసే జట్టుకు ఆరు టచ్‌లు. ఆరో టచ్ పడగానే బంతి ఎదుటివాళ్లది. ఈలోగా స్కోర్‌లైన్ మీద గానీ దాని అవతల గానీ, టచ్ పడకముందే బంతిని నేలకు ఆనిస్తే టచ్‌డౌన్, ఒక పాయింటు. పాయింటు ఇచ్చుకున్న జట్టు మళ్లీ మధ్యనుంచి ట్యాప్ చేస్తుంది.

పాస్ పక్కకు వెళ్లవచ్చు, వెనక్కి వెళ్లవచ్చు. ముందుకు వెళ్తే పెనాల్టీ, అంటే తప్పు చేయని జట్టు ట్యాప్‌తో మొదలుపెడుతుంది. బంతి కింద పడితే చేంజ్‌ఓవర్, అంటే అవతలి జట్టు అక్కడే రోల్‌బాల్‌తో మొదలుపెడుతుంది. బంతి పట్టుకుని పక్క గీత తొక్కినా అంతే. డిఫెండర్ కావాలని చెయ్యి పెట్టి గాల్లో ఉన్న పాస్‌ను కింద పడేస్తే మాత్రం బంతి దాడి జట్టుకే ఉంటుంది, టచ్‌ల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే అందని పాస్‌కు వేళ్లు చాపడం చెడ్డ బేరం. పట్టుకోగలిగితేనే వెళ్లాలి.

వేసుకునేవి, తీసేసేవి

స్క్రూతో బిగించే స్టడ్‌లకు (బూటు అడుగున ఉండే ముడులకు) అనుమతి లేదు. సోల్‌తో కలిసి పోతపోసిన, 13 మిల్లీమీటర్లు మించని స్టడ్‌లున్న బూట్లు సరిపోతాయి. గట్టి నేల మీదా, కృత్రిమ గడ్డి మీదా చిన్న చిన్న ముడులున్న టర్ఫ్ బూట్లు మేలు. నున్నటి సోల్ ఉన్న రన్నింగ్ బూట్లతో తడి గడ్డి మీద దిశ మార్చాలని చూస్తే చీలమండ మెలిపడుతుంది. ఉంగరాలు, గొలుసులు, చెవి పోగులు, చేతి గడియారం తీసేయాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. గంటలో యాభై సార్లు ఒకరి మీద ఒకరు చెయ్యి వేసే ఆట ఇది, పొడవు గోరు గీరుకోవడం చిన్న విషయం కాదు. జేబులున్న షార్ట్స్ వద్దు, ఎదుటివాళ్ల వేలు జేబులో ఇరుక్కుంటే విరుగుతుంది. ఒక ముదురు రంగు, ఒక లేత రంగు టీషర్టు సంచిలో పెట్టుకుంటే ఏ జట్టులో వేసినా ఇబ్బంది ఉండదు.

టచ్ చేయడం, చేయించుకోవడం

ఒంటి మీద ఎక్కడ తాకినా టచ్‌గానే లెక్క. బట్ట, జుట్టు, చేతిలోని బంతి కూడా అందులోకే వస్తాయి. తాకాల్సింది తేలిగ్గానే. కొట్టడం, తోయడం, చొక్కా పట్టి లాగడం పెనాల్టీలు. నడుము పక్కన గానీ భుజం వెనక గానీ అరచేత్తో తాకి, మరో చెయ్యి పైకెత్తి "టచ్" అని గట్టిగా చెప్పండి. ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఛాతీకి ఆనించకండి, వేగంగా వచ్చేవాళ్ల బరువంతా మీ మణికట్ల మీద పడుతుంది. వాళ్ల దారిలోంచి అర అడుగు పక్కకు జరిగి, వాళ్లు దాటుతుండగా తాకడం ఇద్దరికీ క్షేమం.

తాకకుండానే "టచ్" అని పిలిస్తే అది పెనాల్టీ. రిఫరీ లేని ఆటలో ఇదే పెద్ద తలనొప్పి. వేలి కొస తగిలిందో లేదో అనుమానంగా ఉంటే బంతి పట్టుకున్నవాళ్లు ఆగిపోవడం మర్యాద, తగల్లేదని తెలిసినప్పుడు చెప్పేయడం డిఫెండర్ మర్యాద. ఆ రోజు స్కోరు వారానికల్లా మరిచిపోతారు, దొంగ టచ్‌లు పిలిచే మనిషిని మాత్రం సీజను మొత్తం గుర్తుపెట్టుకుంటారు.

టచ్ పడ్డాక పాస్ ఇస్తే అదీ పెనాల్టీయే. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇది. డిఫెండర్ రెండు మీటర్ల దూరంలో ఉండగానే పాస్ వదలాలి, లేదా వదలడం మానేసి టచ్ తీసుకోవాలి. చివరి అర సెకనులో నిర్ణయించుకునేవాళ్లు ఎప్పుడూ ఆలస్యమే అవుతారు.

రోల్‌బాల్

ఇది కుదిరితే మీ జట్టు ఆట సగం కుదిరినట్టే, కాబట్టి మొదటి రెండు వారాలు ఇంకేమీ నేర్చుకోకపోయినా దీన్ని నేర్చుకోండి.

1. టచ్ ఎక్కడ పడిందో అదే మార్క్. వేగంలో రెండడుగులు ముందుకు వెళ్లిపోతే వెనక్కి వచ్చి అక్కడే చేయాలి. దాటి చేస్తే పెనాల్టీ.
2. ఎదుటి జట్టు స్కోర్‌లైన్ వైపు ముఖం పెట్టి, పక్క గీతలకు సమాంతరంగా నిలబడాలి. అడ్డంగా తిరిగి చేయకూడదు.
3. మోకాళ్లు వంచి కిందికి దిగి, బంతిని రెండు పాదాల మధ్య నేల మీద పెట్టాలి. పైనుంచి వదలకండి, గుడ్డు ఆకారపు బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. బంతి పొడవు మీ పాదాలకు అడ్డంగా ఉండేలా పెడితే తిన్నగా వెనక్కి దొర్లుతుంది.
4. బంతి మీదుగా ముందుకు అడుగు వేసి దాన్ని వెనక వదిలేయాలి. అది మీటరు మించి దొర్లకూడదు. దొర్లించకుండా కదలని బంతిగా పెట్టినా చెల్లుతుంది.
5. వెంటనే లేచి తర్వాతి పాస్ అందుకునే చోటికి వెళ్లాలి. చేసిన చోటే నిలబడి చూస్తుంటే మీ జట్టు ఐదుగురితో ఆడుతున్నట్టే.

టచ్ పడకుండానే రోల్‌బాల్ చేస్తే పెనాల్టీ. డిఫెండర్ చేతులు చాపి తాకకుండా నిలబడితే చాలామంది పడిపోయేది ఈ ఉచ్చులోనే. టచ్ తగలడం మీకు తెలియాలి, అప్పుడే కిందికి దిగండి.

వెనక బంతి అందుకునేవాళ్లను హాఫ్ అంటారు. హాఫ్‌కు రెండు బంధనాలు ఉన్నాయి. బంతి చేతిలో ఉండగా టచ్ పడితే చేంజ్‌ఓవర్. స్కోర్‌లైన్ దాటి బంతి ఆనించినా పాయింటు రాదు, అదీ చేంజ్‌ఓవరే. కాబట్టి హాఫ్ మొదటి పని వెంటనే పాస్ ఇవ్వడం. బంతి ఆగేలోపే మీటరు వెనక, కదులుతూ చేరుకోవాలి, వంగి తీస్తూనే చేతులు పాస్ దిశగా ఊగాలి. తీసి, నిటారుగా లేచి, అటూ ఇటూ చూసి, అప్పుడు పాస్ ఇస్తే డిఫెన్స్ ఎప్పుడో మీదికి వచ్చేసి ఉంటుంది. ఎదురుగా డిఫెండర్లు ఇంకా వెనక్కి పరిగెడుతూ వీపు చూపిస్తుంటే మాత్రం పాస్ మానేసి పరుగందుకోవచ్చు. దీన్ని స్కూప్ అంటారు. ఐదారు మీటర్లు దూసుకుపోయి, ఎవరైనా దగ్గరకు రాకముందే పక్కవాళ్లకు ఇచ్చేయాలి.

ఎవరు ఎక్కడ

ఎడమ నుంచి కుడికి వింగ్, లింక్, మిడిల్, మిడిల్, లింక్, వింగ్. మిడిల్స్‌కు పరుగు ఎక్కువ, లింక్‌లకు నిర్ణయాలు ఎక్కువ, వింగ్‌లకు ఎదురుచూపులు ఎక్కువ. కొత్తవాళ్లను వింగ్‌లో వేయడం చాలాచోట్ల అలవాటు. దాడి వరకు అది సరే. డిఫెన్స్‌లో మాత్రం వింగ్ అంత సుళువు కాదు, లోపలివాళ్లు తప్పు చేసిన ప్రతిసారీ ఇద్దరు మీ ఒక్కరి మీదికి వస్తారు. కొత్త మనిషి పక్కన మాట్లాడే లింక్‌ను పెట్టడం కెప్టెన్ చేయగల మంచి పని. మిశ్రమ జట్లలో సాధారణంగా ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు దిగుతారు. ఆడవాళ్ల టచ్‌డౌన్‌కు ఎక్కువ పాయింట్లు ఇచ్చే పద్ధతీ కొన్నిచోట్ల ఉంది. ఆట మొదలవకముందే అడిగి తెలుసుకోండి.

డిఫెన్స్: వెనక్కి పరుగు

టచ్ పడ్డ ప్రతిసారీ డిఫెన్స్ జట్టు మొత్తం మార్క్ నుంచి 7 మీటర్లు వెనక్కి వెళ్లాలి. కొన్ని సోషల్ ఆటల్లో దీన్ని 5 మీటర్లకు తగ్గిస్తారు. రిఫరీ ఆ దూరంలో నిలబడతారు, మీ రెండు పాదాలూ ఆ వరస దాకా వెళ్లాలి. హాఫ్ బంతిని తాకాకే ముందుకు కదలవచ్చు. హాఫ్ ఇంకా మీటరు దూరంలోకి రాకపోతే మాత్రం రోల్‌బాల్ వదిలిన క్షణమే బయల్దేరవచ్చు.

లెక్క చూడండి. ఆరు టచ్‌ల సెట్‌లో ఐదు సార్లు వెనక్కి వెళ్లాలి, అంటే 35 మీటర్లు వెనక్కే. మళ్లీ ప్రతిసారీ ముందుకు వచ్చి టచ్ చేయాలి. ఇదంతా నిమిషం కూడా పట్టదు. అలసట వచ్చేది ఇక్కడే, జట్టు వరస విరిగేదీ ఇక్కడే. ఒక్కరు మూడు మీటర్లే వెనక్కి వెళ్లి ఆగితే రెండు జరగొచ్చు. ఆఫ్‌సైడ్ పెనాల్టీ పడి, 10 మీటర్లు వెనక్కి వెళ్లి, కొత్తగా ఆరు టచ్‌లు కాయాలి. లేదా పెనాల్టీ పడకుండా ఆ మనిషి పక్కకు తప్పుకుంటారు, వరసలో రంధ్రం పడుతుంది.

టచ్ చేసిన మరుక్షణం తిరగండి. తుంటి పక్కకు తిప్పి, మెడ మాత్రం బంతి వైపు ఉంచి, నాలుగైదు పెద్ద అడుగులు పరిగెత్తి, చివరి రెండు మీటర్లు ముఖం ముందుకు పెట్టి అడుగులు వేయండి. ఏడు మీటర్లూ ఎదురుముఖంగా వెనక్కి నడిస్తే ఆలస్యమవుతుంది, మడమ తట్టుకుని పడతారు. తిన్నగా వెనక్కి రండి. ఏటవాలుగా వస్తే హాఫ్ పాస్ దారిలో అడ్డుపడతారు, అదో పెనాల్టీ.

ముందుకు వచ్చేటప్పుడు ఆరుగురూ ఒకే గీత మీద రావాలి. ఒక్కరే తొందరపడి ముందుకు దూకితే వాళ్ల వెనక ఖాళీలోకి పాస్ పడుతుంది. దీనికి మందు మాటలే. "నాది ఒకటో మనిషి", "నాకు బయటి ఇద్దరు", "పైకి, పైకి" అని అరుస్తూనే ఉండాలి. అందరి కళ్లూ బంతి మీద ఉండటం సహజం, ఆ సహజమే ముంచుతుంది. మీ ఎదుటి మనిషి తుంటిని చూడండి. భుజాలూ చేతులూ మోసం చేస్తాయి, తుంటి వెళ్లే వైపే మనిషీ వెళ్తారు.

సొంత స్కోర్‌లైన్ దగ్గర 7 మీటర్లు ఉండవు కాబట్టి రెండు పాదాలూ గీత మీద గానీ వెనక గానీ ఉంచి ఆగాలి. ఆట మొదలవగానే ముందుకు కదలాలి. గీత మీదే నిలబడి ఎదురుచూస్తే వాళ్లు వచ్చి, వంగి, మీ చెయ్యి తగిలేలోపు బంతి ఆనించేస్తారు.

దాడి: టచ్‌లు ఖర్చుపెట్టే తీరు

ఆరింటిలో మొదటి మూడు నాలుగు టచ్‌లు దూరం సంపాదించడానికి. మిడిల్స్ ఒకరి తర్వాత ఒకరు వేగంగా డిఫెండర్ మీదికి పరిగెత్తి, తామే చెయ్యి చాపి టచ్ తీసుకుని, చటుక్కున రోల్‌బాల్ చేస్తారు. దాడి చేసేవాళ్లు కూడా టచ్ చేయవచ్చని చాలామందికి తెలియదు. డిఫెండర్ ఇంకా వెనక్కి వెళ్తుండగానే టచ్ తీసుకుంటే, ఆ మనిషి మళ్లీ 7 మీటర్లు లెక్కపెట్టుకోవాలి. ఇలా మూడుసార్లు ఒకే మిడిల్‌ను పట్టుకుంటే నాలుగోసారికి ఆ చోట రంధ్రం పడుతుంది. నడుచుకుంటూ వెళ్లి టచ్ తీసుకోవడం మాత్రం వృథా, డిఫెన్స్ సర్దుకుని నిలబడి ఉంటుంది.

నాలుగు, ఐదు టచ్‌ల్లో బంతిని వెడల్పుకు పంపండి. ఇక్కడ పాటించాల్సింది లోతు. పాస్ అందుకునేవాళ్లు ఇచ్చేవాళ్లకంటే మూడు నుంచి ఐదు మీటర్లు వెనక ఉంటే పరుగులో బంతి పడుతుంది. పక్కనే సమానంగా నిలబడితే పాస్ ముందుకు వెళ్తుంది, లేదా ఆగి పట్టుకోవాల్సి వస్తుంది. వింగ్ గీతకు మీటరు లోపల, ఓపికగా ఉండాలి. బంతి కోసం లోపలికి వస్తే డిఫెన్స్ పని మీరే తేలిక చేసినట్టు.

ఇద్దరు ఒక్కరి మీదికి వచ్చినప్పుడు బంతి ఉన్నవాళ్లు తిన్నగా డిఫెండర్ లోపలి భుజం మీదికి పరిగెత్తాలి. బయటికి వాలుగా పరిగెత్తితే ఆ ఒక్క డిఫెండరే ఇద్దరినీ గీతకు తోసుకుపోతారు. డిఫెండర్ మీ మీదికి అడుగు వేసిన క్షణం పాస్. చేతులు ఊగడం ఆగేసరికి వేళ్లు అందుకునేవాళ్ల వైపు చూపాలి, బంతి వాళ్ల ఛాతీ ఎత్తులో, ఒక అడుగు ముందు పడాలి.

ఆరో టచ్ అని తెలిశాక సాహసం చేయవచ్చు, అయితే ఎక్కడ చేస్తున్నారో చూసుకోండి. ఎదుటివాళ్ల స్కోర్‌లైన్ దగ్గర, మూలన బంతి పోతే నష్టం తక్కువ. మైదానం నడిమధ్య పోతే వాళ్లు రెండు వైపులా దాడి చేయగలరు. ఆరో టచ్ పడగానే బంతిని మార్క్ మీద పెట్టేసి వెనక్కి పరిగెత్తండి. చేత్తో పట్టుకుని దూరంగా విసిరేస్తే పెనాల్టీ. టచ్‌ల లెక్క రిఫరీ చెబుతారు, అయినా జట్టులో ఒకరు గట్టిగా "నాలుగు", "ఐదు" అంటూ ఉండటం అవసరం.

సబ్స్

ఎన్నిసార్లయినా, ఎప్పుడైనా మారవచ్చు, ఆట ఆపనక్కర్లేదు. సబ్ బాక్స్ మధ్య గీత దగ్గర, పక్క గీత పొడవునా 20 మీటర్లు. బయటికి వచ్చేవాళ్లు మైదానం వదిలి బాక్స్‌లోకి చేరాకే కొత్తవాళ్లు దిగాలి. ముందే దిగితే ఏడుగురైనట్టు, పెనాల్టీ. రెండు మూడు నిమిషాలు పూర్తి వేగంతో ఆడి బయటికి రావడం మిడిల్స్‌కు సరైన కొలత. వింగ్‌లు ఇంకొంచెం సేపు ఉండొచ్చు. పది నిమిషాలు మైదానంలో నిలబడి ఈడ్చుకుంటూ ఆడటం వీరత్వమేమీ కాదు, జట్టుకు బరువు. మారే సమయం కూడా చూసుకోవాలి. మీ జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు, మొదటి రెండు టచ్‌ల్లో మారండి. డిఫెన్స్‌లో ఉండగా, అదీ బాక్స్‌కు అవతలి చివర ఉండగా బయల్దేరితే మీరు దాటే 50 మీటర్లూ జట్టు ఐదుగురితోనే కాయాలి.

దెబ్బలు

ట్యాకిల్ లేదు కదా అని ఒళ్లు వేడెక్కించకుండా దిగేవాళ్లకే తొడ వెనక కండరం పడుతుంది. పది నిమిషాలు కేటాయించండి. మెల్లగా పరుగు, మోకాళ్లు ఎత్తడం, కాళ్లు ముందుకూ వెనక్కీ ఊపడం, పక్క అడుగులు, చివర్లో మూడు నాలుగు వేగమైన పరుగులు, వాటిలో కొన్ని వెనక్కి. కదలకుండా సాగదీసే వ్యాయామాలు ఆట అయ్యాక చేసుకోండి. తొడ వెనక చురుక్కుమంటే ఆ క్షణమే బయటికి రండి, ఇంకో పరుగు తీస్తే మూడు రోజుల నొప్పి ఆరు వారాలవుతుంది. వేలి కొసకు బంతి తగిలి పైకణుపు దానంతట అది నిటారుగా లేవకపోతే అది బెణుకు కాదు, స్నాయువు తెగి ఉండొచ్చు. లాగి సరిచేయకుండా నిటారుగా కట్టి వైద్యుల దగ్గరికి వెళ్లాలి. తలలు ఢీకొన్నాక తల తిరగడం, తికమక, వాంతి వచ్చేలా ఉండటం కనిపిస్తే ఆ మనిషికి ఆ రోజు ఆట అయిపోయినట్టే, ఎంత బాగున్నానన్నా మళ్లీ దింపకూడదు, ఒంటరిగా ఇంటికి పంపకూడదు.